పాత డెల్ ఆఫీసు కంప్యూటర్‌కి పది వేలలో ఏ గ్రాఫిక్స్ కార్డు వేయాలి?

ప్రశ్న: "అన్నా, మాది తెనాలి. డిగ్రీ సెకండ్ ఇయర్. ఇంట్లో రీఫర్బిష్డ్ డెల్ ఆప్టిప్లెక్స్ 9020 మినీ టవర్ ఉంది. ఐ5 4590 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ (ఒకటే స్టిక్), 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 10. మానిటర్ పాతది, వీజీఏ కేబుల్ ఒక్కటే పెట్టొచ్చు. అమ్మ వంటల చానెల్‌కి వీడియోలు ఫోన్‌లో తీసి నేను ఎడిట్ చేస్తాను. 4కే క్లిప్ వేస్తే టైమ్‌లైన్ కదలడమే లేదు. రాత్రిళ్లు ఫ్రెండ్స్‌తో వాలరెంట్, అప్పుడప్పుడు జీటీఏ 5 ఆడాలి. బడ్జెట్ పది వేలు. షాపులో కొత్త జీటీ 730 4 జీబీ 4,500 అన్నారు. సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌ఎక్స్ 580 8 జీబీ 6,500కి, జీటీఎక్స్ 1650 7,500కి ఉన్నాయి. ఫ్రెండ్ తన ఆర్‌ఎక్స్ 6400 ఎనిమిది వేలకి ఇస్తానంటున్నాడు. 580కి మెమరీ ఎక్కువ, రేటు తక్కువ. అదే తీసుకోనా?"

సమాధానం:

తమ్ముడూ, 580 వద్దు. నువ్వు చెప్పిన నాలుగింటిలో నీ డబ్బాకి సరిపోయేది జీటీఎక్స్ 1650 ఒక్కటే. అందులోనూ పైన పవర్ కనెక్టర్ లేని మోడలే కావాలి. దాంతోపాటు ఇంకో 8 జీబీ ర్యామ్ స్టిక్. అయితే వీటిలో ఏదీ కొనకముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. అది తర్వాత చెప్తాను. ముందు 580 ఎందుకు వద్దంటున్నానో చూడు.

నువ్వు కార్డుల మెమరీ, రేటు పోల్చి చూశావు. చాలామంది అక్కడే మొదలుపెడతారు. అసెంబుల్డ్ కంప్యూటర్ అయితే ఆ పద్ధతి కొంతవరకు నడుస్తుంది. ఆఫీసుల నుంచి బయటికొచ్చిన డెల్, హెచ్‌పీ, లెనోవో డబ్బాల విషయంలో మాత్రం మొదట చూడాల్సింది ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నింటికీ కరెంటు అందించే పెట్టె. నీ 9020 మినీ టవర్‌లో ఉండేది 290 వాట్లది. లోకల్ క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే "450 వాట్ల" ఎస్‌ఎంపీఎస్ కంటే అది ఎన్నో రెట్లు నమ్మకమైనదే, రాసిన వాట్లు నిజంగా ఇస్తుంది. కానీ అందులో గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లే 6 పిన్ లేదా 8 పిన్ కేబుల్ ఉండదు. బిల్లింగ్, టైపింగ్ చేసుకునే మెషీన్‌కి ఆ కేబుల్ అవసరం రాదని డెల్ వాళ్లు పెట్టలేదు. కాబట్టి నీ కార్డుకి కరెంటు ఒక్క దారిలోనే వస్తుంది, మదర్‌బోర్డు మీది స్లాట్ నుంచి. ఆ స్లాట్ ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. నీ ఎంపిక మొత్తం ఈ అంకె చుట్టూ తిరగాలి.

ఆర్‌ఎక్స్ 580 లాగేది 185 వాట్లు. దానికి 8 పిన్ కనెక్టర్ తప్పనిసరి. "ఏం పర్లేదు, సాటా పవర్ కేబుల్ నుంచి కన్వర్టర్ వేస్తే సరిపోతుంది" అని చెప్పేవాళ్లు దొరుకుతారు, వాళ్ల మాట వినకు. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టుల లైన్ తట్టుకునేది 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. దాని మీదుగా వంద వాట్లకు పైగా లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది. సర్వీస్‌కి వచ్చే డబ్బాల్లో అలా నల్లబడ్డ కనెక్టర్లు నాకు కొత్త కాదు.

సరే, ఎస్‌ఎంపీఎస్ మార్చేద్దాం అనుకుందాం. మినీ టవర్ కాబట్టి మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ లోపల పడుతుంది. కానీ 9020 మదర్‌బోర్డు మీద అందరికీ ఉండే 24 పిన్ సాకెట్ ఉండదు, డెల్ సొంత 8 పిన్ సాకెట్ ఉంటుంది. దానికి 24 నుంచి 8కి మార్చే కేబుల్ విడిగా కొనాలి. మంచి కంపెనీ 450 లేదా 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్, ఆ కేబుల్, కార్డు, అన్నీ కలిపి లెక్కేస్తే నీ పది వేలు అక్కడే అయిపోతాయి, ర్యామ్‌కి ఏమీ మిగలదు. తక్కువలో పోదామని పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ వేస్తే, అది పోయేటప్పుడు పక్కవాటిని కూడా తీసుకుపోతుంది.

ఇంకొకటి కూడా ఉంది. సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్న 580లలో చాలావరకు ఒకప్పుడు క్రిప్టో మైనింగ్‌లో (డిజిటల్ కరెన్సీ సంపాదించే లెక్కల పనిలో) రాత్రీ పగలూ ఆడినవే. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకుని గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ అవసరం లేకుండా చేసింది. దాంతో ఆ కార్డులన్నీ ఒక్కసారిగా మార్కెట్లోకి వచ్చాయి. మైనింగ్ కార్డంటేనే చెడిపోయినదని నేను అనను. చిప్ సాధారణంగా బాగానే ఉంటుంది. ఫ్యాన్లు అరిగిపోతాయి, మెమరీ చిప్‌లు వేడికి నలుగుతాయి, కొన్నింటిలో లోపలి బయోస్ (కార్డుని నడిపే మూల సాఫ్ట్‌వేర్) మార్చేసి ఉంటారు. పైగా "580" పేరుతోనే 2048ఎస్పీ అనే రకం ఒకటి ఉంది. అసలు 580లో 2304 కోర్లుంటే దీంట్లో 2048 మాత్రమే, అంటే నిజానికి అది 570. 580 తయారుచేసిన ఏఎండీ కూడా 2023 చివర్లో ఈ తరం కార్డులను ప్రధాన డ్రైవర్ల (కార్డుని విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) నుంచి పక్కకు తప్పించి, ముఖ్యమైన సవరణలకే పరిమితం చేసింది.

ఒక విషయం ఒప్పుకోవాలి, ఆటల్లో వేగం చూస్తే 580దే పైచేయి. 1650 దాని వెనకే ఉంటుంది. నీ దగ్గర ఇప్పటికే మంచి 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉన్న అసెంబుల్డ్ కంప్యూటర్ ఉండి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది.

జీటీ 730 సంగతి తొందరగా ముగిస్తాను. 2014 నాటి కార్డు. "4 జీబీ" అని డబ్బా మీద పెద్దగా రాసి అమ్ముతారు. ఆ మెమరీ నెమ్మదైన డీడీఆర్3, దాని డేటా నడిచే దారి (బస్) 64 బిట్లు. 4 జీబీ నిండేంత పని అది చేయనే లేదు. నీ ప్రాసెసర్‌లోనే ఉన్న హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్‌కి రెండో ర్యామ్ స్టిక్ తోడైతే, దానికీ 730కీ పెద్ద తేడా ఉండదు. 2020లో వాలరెంట్ వచ్చినప్పుడు సెకనుకి 60 ఫ్రేములకి (బొమ్మలకి) 730 చాలని ఆట తయారుచేసినవాళ్లే లిస్టులో పెట్టారు, షాపువాళ్లు దాన్నే చూపిస్తారు. కానీ నీ అసలు బాధ వీడియోలు, వాటికి 730 ఏమాత్రం పనికిరాదు. ఎందుకో కింద చెప్తాను. డ్రైవర్ల విషయంలో కూడా దాన్ని చేసిన ఎన్విడియా, కెప్లర్ అనే ఆ తరాన్ని 2021లోనే వదిలేసింది. 4,500 పెట్టి కొత్తగా కొనే వస్తువు కాదు.

ఫ్రెండ్ ఇస్తానన్న ఆర్‌ఎక్స్ 6400 చూడ్డానికి బాగుంటుంది. 2022లో వచ్చింది, 53 వాట్లే లాగుతుంది, కనెక్టర్ అక్కర్లేదు. కాగితం మీద నీకోసమే చేసినట్టుంటుంది. దాంట్లో రెండు లోపాలున్నాయి, రెండూ సరిగ్గా నీకే తగులుతాయి. గ్రాఫిక్స్ కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య డేటా నడిచే దారుల్ని లేన్లు అంటారు. నీ స్లాట్‌లో 16 ఉన్నాయి, 6400 వాడుకునేది 4 మాత్రమే. కొత్త మదర్‌బోర్డుల్లో పీసీఐఈ (ఆ స్లాట్ ప్రమాణం) 4.0 ఉంటుంది, ఒక్కో లేన్ వేగం ఎక్కువ కాబట్టి నాలుగుతో నెట్టుకొస్తుంది. నీది పీసీఐఈ 3.0, ఒక్కో లేన్‌లో వేగం దాదాపు సగం. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చే కార్లన్నీ 16 గేట్ల టోల్ ప్లాజా దగ్గరికి చేరితే నాలుగే తెరిచారనుకో, అదీ పరిస్థితి. కార్డులో ఉన్న 4 జీబీ మెమరీ నిండనంత సేపు ఫర్వాలేదు. నిండి, డేటా ర్యామ్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చిందంటే ఆట ఆగి ఆగి నడుస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. 6400లో వీడియో ఎన్‌కోడర్, అంటే పూర్తయిన వీడియోని కుదించి దాచే భాగం, లేనే లేదు. అంటే ఎడిటింగ్ అయ్యాక ఎక్స్‌పోర్ట్ కొట్టినప్పుడు కార్డు చేతులు కట్టుకుని కూర్చుంటుంది. అది లాప్‌టాప్‌ల కోసం గీసిన చిప్. అక్కడ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే ఆ పని చేస్తుంది కాబట్టి ఇందులోంచి తీసేశారు. స్నేహితుడి మాట తీసేయలేకపోతున్నావేమో, ఈ కారణం చెప్పు, వాడూ ఒప్పుకుంటాడు.

ఇక 1650. 2019 ఏప్రిల్‌లో వచ్చింది. 896 కోర్లు, 4 జీబీ మెమరీ, 128 బిట్ల దారి, 75 వాట్లు, 16 లేన్లు. వీడియో డీకోడర్ (కుదించిన వీడియోని విప్పే భాగం), ఎన్‌కోడర్ రెండూ ఉన్నాయి. ఇదే పేరుతో పైన 6 పిన్ కనెక్టర్ ఉన్న మోడళ్లు కూడా చాలా ఉన్నాయి. కంపెనీలు కొంచెం వేగం పెంచి అమ్మడానికి అలా చేశాయి. కనెక్టర్ ఉన్నదైతే దానికి కేబుల్ ఇవ్వకుండా కంప్యూటర్ ఆన్ కాదు, లేదంటే కార్డు పనిచేయదు. అందుకే అమ్మేవాణ్ని కార్డు పై అంచు, వెనక అంచు ఫొటోలు రెండూ అడుగు. "అన్నా, కనెక్టర్ లేదు" అన్న నోటిమాట చాలదు. "1650 సూపర్" అని రాసి ఉంటే అది 100 వాట్లది, నీకు కుదరదు. లోపలి మెమరీ జీడీడీఆర్5 రకమా, జీడీడీఆర్6 రకమా అని కంగారుపడకు. రెండోది కొంచెం వేగం, దొరికితే మంచిదే.

లెక్క కూడా చూసుకుందాం. నీ ప్రాసెసర్ 84 వాట్ల తరగతి, కార్డు 75, మిగతావన్నీ కలిపి ఓ నలభై అనుకో. రెండు వందల దగ్గర ఆగుతుంది. 290 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కి అది భారం కాదు. అదే 580 పెడితే ఆడేటప్పుడు ఇంకో 110 వాట్లు ఎక్కువ. రోజుకి నాలుగు గంటలు ఆడితే నెలకి 13 యూనిట్లు అదనం. ఇంట్లో యూపీఎస్ ఉంటే కరెంటు పోయాక అది నిలబడే సమయం కూడా ఆ మేరకు తగ్గిపోతుంది.

జీటీఎక్స్ 1050 టీఐ గురించి నువ్వు అడగలేదు కానీ వెతికేటప్పుడు ఎదురవుతుంది. 2016 కార్డు, 4 జీబీ, 75 వాట్లు, చాలా మోడళ్లకి కనెక్టర్ ఉండదు. 1650 దొరక్కపోతే అదీ పనికొస్తుంది. అయితే అది చేరిన పాస్కల్ తరం కార్డులకి కొత్త ఆటల కోసం డ్రైవర్లు ఇవ్వడం 2025 అక్టోబర్‌తో ఆపేస్తున్నామని, 2028 దాకా భద్రతా సవరణలు మాత్రమే ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. 1650 దాని తర్వాతి తరం, కాబట్టి ఆ కోతలో పడలేదు. రెండింటి మధ్య తేడా రెండు వేల లోపుంటే 1650 వైపే వెళ్లు. ఐదు వేలకి పైగా పెట్టి 1050 టీఐ కొనొద్దు.

ఇంకొంచెం ఆగగలిగితే, ఇంట్లో ఇంకొంత అడగగలిగితే, కొత్తగా వారంటీతో దొరికే ఆర్టీఎక్స్ 3050 6 జీబీ ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 70 వాట్లే, కనెక్టర్ లేని మోడళ్లు దొరుకుతాయి, 8 లేన్లు వాడుతుంది కాబట్టి నీ పాత స్లాట్‌లోనూ పెద్దగా నష్టం లేదు. 1650 కంటే స్పష్టంగా వేగం. రేపు కంప్యూటర్ మార్చినా దీన్ని తీసి కొత్తదాంట్లో పెట్టుకోవచ్చు. నీ బడ్జెట్ మాత్రం బాగా దాటుతుంది. అదే పేరుతో ఉన్న 8 జీబీ 3050 వేరు, అది 130 వాట్లు, కనెక్టర్ కావాలి. షాపులో "3050 కదా, మెమరీ ఎక్కువున్నదే ఇస్తున్నాం" అంటే మొహమాటపడి తీసుకోకు. ఇంటెల్ ఆర్క్ ఏ380 కూడా చౌకగా కనపడొచ్చు. దానికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం మదర్‌బోర్డులో ఉంటేనే పూర్తి వేగం వస్తుంది. నీ నాలుగో తరం డెల్‌లో అది లేదు, వదిలేయ్.

ఇప్పుడు ఖర్చు లేని పని సంగతి. టైమ్‌లైన్ కదలడం లేదన్నావు చూడు, దానికి కారణం గ్రాఫిక్స్ కార్డు లేకపోవడం కంటే నీ ఫోన్ వీడియోని దాచే పద్ధతి అయ్యే అవకాశమే ఎక్కువ. ఇప్పటి ఫోన్లు చోటు మిగులుతుందని 4కే వీడియోని హెచ్.265 అనే పద్ధతిలో కుదించి దాస్తాయి. దాన్నే హెచ్‌ఈవీసీ అంటారు. ఆ కుదింపుని విప్పడానికి ప్రాసెసర్‌లో ప్రత్యేకంగా ఒక భాగం ఉండాలి. ఇంటెల్‌లో అది సరిగ్గా వచ్చింది 2015లో, ఆరో తరం నుంచి. నీ 4590 2014 నాటిది. హెచ్.264 అయితే హాయిగా విప్పుతుంది, హెచ్.265 వచ్చేసరికి నాలుగు కోర్లూ వంద శాతం పనిచేసినా ప్రతి ఫ్రేమూ గండమే. 730లో కూడా ఈ భాగం లేదు, అందుకే దాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేశాను.

ఈరోజే ఒక పరీక్ష చెయ్యి. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో వీడియో విభాగంలో "హై ఎఫిషియెన్సీ" అనో "హెచ్‌ఈవీసీ" అనో ఉంటుంది, దాన్ని ఆపేయ్. ఐఫోన్ అయితే ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటిబుల్" ఎంచుకో. హెచ్‌డీఆర్ ఆన్‌లో ఉంటే అదీ తీసేయ్. 4కే బదులు 1080పీ పెట్టు. వంటల చానెల్ చూసేవాళ్లు ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు, పోపు చిటపటలాడటం 1080పీలో కూడా కనపడుతుంది. ఇలా తీసిన రెండు నిమిషాల క్లిప్ తెచ్చి ఎడిటర్‌లో వేసి చూడు. సాఫీగా కదిలిందంటే నీ వీడియో సమస్యలో ముప్పాతిక వంతు అక్కడికక్కడే తీరినట్టు. ఇప్పటికే 4కేలో తీసిపెట్టుకున్నవి ఉంటే ఎడిటర్‌లో "ప్రాక్సీ" అనే ఆప్షన్ వెతుకు. అది ప్రతి క్లిప్‌కీ తేలికపాటి నకలు తయారుచేసి నీకు దాని మీద పని చేయనిస్తుంది, చివర్లో ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలుదాంతోనే చేస్తుంది.

ఆ పరీక్ష చేస్తున్నప్పుడే టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన పెట్టుకో. మెమరీ 90 శాతం దాటి కూర్చుంటే అది ర్యామ్ బాధ. సీపీయూ వందకి అంటుకుంటే డీకోడింగ్ బాధ. డిస్క్ వంద చూపిస్తూ ఉంటే ర్యామ్ చాలక ఎస్‌ఎస్‌డీ మీద పడుతోందని అర్థం. 8 జీబీతో విండోస్, బ్రౌజర్, ఎడిటర్ మూడూ నడుపుతున్నావు కాబట్టి మొదటిదీ మూడోదీ కనపడతాయని నా అంచనా.

అందుకే రెండో ర్యామ్ స్టిక్ అంటున్నాను. ఒక్క డీడీఆర్3 1600 స్టిక్ సెకనుకి 12.8 జీబీ డేటా ఇస్తుంది, ఒకే రకం రెండు స్టిక్‌లు సరైన జత స్లాట్లలో పెడితే ప్రాసెసర్ రెండింటినీ కలిపి వాడి 25.6 జీబీ అందుకుంటుంది. ఎడిటింగ్‌కి 16 జీబీ అనేది ఇప్పుడు విలాసం కాదు, కనీసం. వాలరెంట్ లాంటి తేలికపాటి ఆటల్లో అయితే కార్డు లేకుండానే తేడా తెలుస్తుంది, ఎందుకంటే హెచ్‌డీ 4600కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. రీఫర్బిష్డ్ మెషీన్లు అమ్మేవాళ్ల దగ్గర డీడీఆర్3 స్టిక్‌లు విడిగా దొరుకుతాయి. నీ దాని మీద ఉన్న స్టిక్కర్ ఫొటో చూపించి అదే స్పీడ్‌ది అడుగు. డీడీఆర్4 ఇస్తే స్లాట్‌లో పట్టదు. లాప్‌టాప్‌ది పొట్టిగా ఉంటుంది, అదీ పట్టదు.

వరస ఇలా పెట్టుకో. మొదట ఫోన్ సెట్టింగ్, తర్వాత ర్యామ్, ఒక వారం వాడి చూశాక కార్డు. ర్యామ్ వేశాక అమ్మ వీడియోలు సాఫీగా అయిపోయి, వాలరెంట్ కూడా నీకు సరిపోతే, కార్డు డబ్బులు జేబులోనే ఉంచుకో. జీటీఏ 5 ఒక్కటే మిగిలితే అప్పుడు నిర్ణయించు. ఆ ఆట 2015లో కంప్యూటర్‌కి వచ్చింది, అప్పుడు వాళ్లు సిఫారసు చేసిన కార్డు జీటీఎక్స్ 660. 1650కి అది కష్టం కాదు, నీ పాత మానిటర్ రిజల్యూషన్‌లో అయితే మరీ తేలిక. ఎస్‌ఎస్‌డీలో చోటు మాత్రం చూసుకో, ఆట వంద జీబీకి పైనే తింటుంది, నీ మొత్తం 256.

కార్డు వేశాక ఏం ఆశించకూడదో కూడా చెప్పాలి. 4590కి నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). గత నాలుగైదేళ్లలో వచ్చిన పెద్ద ఆటల్లో ప్రాసెసర్ ముందు చేతులెత్తేస్తుంది, కార్డు 60 శాతం పనితో ఖాళీగా చూస్తూ ఉంటుంది. అప్పుడు సెట్టింగ్స్ తగ్గించినా ఫ్రేములు పెరగవు. దానికి మందు, ఇదే బోర్డులో పట్టే ఐ7 4770 లేదా 4790 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వేసుకోవడం, ఎనిమిది థ్రెడ్లు వస్తాయి. కానీ అది ఇప్పుడే కాదు. రే ట్రేసింగ్ (వెలుతురు, నీడల్ని నిజంలా లెక్కించే పద్ధతి) ఉన్న కార్డు తప్పనిసరి అనే ఆటలు కూడా వస్తున్నాయి, 2025 నాటి డూమ్ ది డార్క్ ఏజెస్ లాంటివి. 1650తో అవి నడవవు. నీది నాలుగో తరం కావడం ఒకందుకు అదృష్టమే. ఏవీఎక్స్2 అనే సదుపాయం అడిగే ప్రోగ్రాములు మూడో తరం ప్రాసెసర్ మీద తెరుచుకోనే తెరుచుకోవు, నీ దాంట్లో అది ఉంది.

వాలరెంట్ ఆడేవాడివి కాబట్టి ఒక హెచ్చరిక. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అధికారికంగా అడిగేది ఎనిమిదో తరం ఇంటెల్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్. నీ 9020లో టీపీఎం 1.2 ఉంటుంది. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కదా అని ఎవరైనా అడ్డదారిలో 11 ఎక్కిస్తామంటారు. ఎక్కుతుంది, మిగతావన్నీ నడుస్తాయి కూడా. వాలరెంట్‌లో మోసాల్ని పట్టే వాన్‌గార్డ్ అనే ప్రోగ్రామ్ మాత్రం విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ అడుగుతుంది, లేకపోతే ఆటలోకి రానివ్వదు. విండోస్ 10 మీదే ఉండి, పొడిగించిన భద్రతా అప్‌డేట్లకి నమోదు చేసుకో. ఈ కార్డుకి పెట్టే డబ్బులు ఆ వాలరెంట్ కోసమే అయితే ఇది బాగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనడం గురించి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ముందే డబ్బు పంపించొద్దు, ఎంత మంచిగా మాట్లాడినా సరే. కంప్యూటర్‌లో పెట్టి నడిపి చూపించేవాడి దగ్గరే కొను. హైదరాబాద్ వెళ్లే పని పడితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, నాలుగు షాపులు తిరిగితే రేట్ల మీద ఒక అవగాహన వస్తుంది. అక్కడే కొనాలనేం లేదు. పెన్‌డ్రైవ్‌లో జీపీయూ-జడ్ (కార్డు వివరాలు చూపే ప్రోగ్రామ్), ఫర్‌మార్క్ (కార్డుని పూర్తి భారంతో నడిపి పరీక్షించేది) రెండూ వేసుకెళ్లు. జీపీయూ-జడ్ తెరిస్తే 1650కి షేడర్లు (కోర్లు) 896, బస్ 128 బిట్లు అని కనపడాలి. చాలా పాత కార్డుల బయోస్ మార్చి కొత్త పేరుతో అమ్మే దందా ఒకటుంది, అలాంటివి దొరికితే ఆ ప్రోగ్రామ్ కార్డు పేరు పక్కనే "ఫేక్" అని చూపిస్తుంది. 1050 టీఐ అని అమ్ముతున్నదానికి వెనక వీజీఏ పోర్టు ఉంటే అక్కడే అనుమానించు, ఆ తరం చిప్‌లలో వీజీఏ సిగ్నల్ లేదు.

తర్వాత ఫర్‌మార్క్ ఒక పావుగంట నడపనివ్వమను. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయ్. నడుస్తున్నప్పుడు తెర మీద చుక్కలు, గీతలు, రంగుల చతురస్రాలు ఏవైనా మెరిస్తే మెమరీ పోతోందని. వేడి 80 డిగ్రీల పైకి వెళ్లి ఆగకుండా ఎక్కుతూనే ఉంటే లోపల చిప్ వేడిని లాగే పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, అది మార్పించొచ్చు, రేటు తగ్గించమని అడగడానికి మాత్రం మంచి సాకు. ఫ్యాన్‌ని ఆపాక వేలితో మెల్లగా కదిపి చూడు, వదులుగా ఊగితే బేరింగ్ అయిపోయింది. కార్డు మీది సీరియల్ నంబరు, డబ్బా మీది నంబరు ఒకటేనా చూడు. పాత బిల్లు ఉంటే తీసుకో, వారంటీ ఇంకా మిగిలి ఉంటే సీరియల్ నంబరుతో పాటు చాలాచోట్ల ఆ బిల్లే అడుగుతారు. 7,500 అన్నారంటే 6,800 దగ్గర మొదలుపెట్టు.

ఇంటికి తెచ్చాక వచ్చే మొదటి చిక్కు మానిటర్. 1650కి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్, కొన్నింటికి డీవీఐ ఉంటాయి, వీజీఏ ఉండదు. ఆ డీవీఐ కూడా డిజిటల్ రకం, మామూలు డీవీఐ-వీజీఏ పిన్ కన్వర్టర్ దానికి పట్టదు, పట్టించినా బొమ్మ రాదు. లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ అడాప్టర్ కొను, కొన్ని వందల్లో వస్తుంది. వీజీఏ కేబుల్‌ని పాత అలవాటుతో మదర్‌బోర్డు పోర్టుకే పెట్టేసి "కార్డు పనిచేయడం లేదు" అని వెనక్కి తెచ్చేవాళ్లు ఎంతమందో. మానిటర్ కార్డుకే తగిలించాలి.

కొనకముందే క్యాబినెట్ సైడ్ తీసి స్కేలుతో కొలువు. స్లాట్ వెనక నుంచి హార్డ్ డిస్క్ పంజరం దాకా ఎంత చోటుందో, కింది స్లాట్ ఖాళీగా ఉందో లేదో చూడు. కార్డు రెండు స్లాట్ల మందం తీసుకుంటుంది. 9020లో పెద్ద స్లాట్లు రెండు కనపడతాయి, వాటిలో ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్నదే పూర్తి 16 లేన్లది, రెండోది నాలుగు లేన్లతోనే నడుస్తుంది. మూడు ఫ్యాన్ల పొడవాటి కార్డు ఆ డబ్బాలో పట్టదు. ఒకే ఫ్యాన్ ఉన్న పొట్టి 1650 అయితే ఏ తలనొప్పీ లేదు, దొరికితే దానికే ఓటు. కార్డు తగిలించాక ఎడిటర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్, ఎన్‌కోడింగ్ రెండూ ఆన్ చెయ్యి. అవి ఆఫ్‌లో ఉంటే కార్డు ఉన్నా లేనట్టే.

ఇదే ప్రశ్నతో వచ్చే ఇంకొందరి దగ్గర మినీ టవర్ కాకుండా సన్నటి ఎస్‌ఎఫ్‌ఎఫ్ డబ్బా ఉంటుంది. వాళ్లకి ఇక్కడ చెప్పిన మామూలు 1650 పట్టదు. ఎత్తు తక్కువున్న లో ప్రొఫైల్ 1650 గానీ, ఎన్విడియా వర్క్‌స్టేషన్ కార్డుల్లో టీ600 గానీ టీ1000 గానీ వెతుక్కోవాలి. ఈ రెండూ 40, 50 వాట్లతో ఒకే స్లాట్‌లో కూర్చుంటాయి. మినీ డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటుంది కాబట్టి అడాప్టర్ ఖర్చు కలుపుకోవాలి.

చివరగా డబ్బు సంగతి. ఈ డబ్బా మొత్తాన్ని నువ్వు ఎంతకి కొన్నావో రాయలేదు. కార్డు, ర్యామ్ కలిపి దాని ధర దాటిపోతుంటే, పాతది అమ్మేసి ఎనిమిదో తరం రీఫర్బిష్డ్ టవర్ తీసుకోవడం కూడా లెక్కవేసి చూడు. దాంతో విండోస్ 11 గొడవా తీరుతుంది, హెచ్.265 గొడవా తీరుతుంది, కార్డు ఆర్నెల్లు ఆగి వేసుకోవచ్చు. నువ్వు కొన్న రేటు, 1650 అమ్మేవాడు పంపిన పై అంచు ఫొటో, స్కేలు కొలత, ఈ మూడూ ఉంటే చెప్పు. ఆ కార్డు తీసుకోవచ్చో లేదో అప్పుడు కచ్చితంగా చెప్తాను.